పెండ్లికి సాక్ష్యము

మన పెండ్లిండ్లకు సాక్షులు తక్కువగారు. హోమగుండమున అగ్నిహోత్రుడు సాక్షి. ఆకాశమున అరుంధతి సాక్షి. అక్షతలు చల్లిన బంధుమిత్రులందరును సాక్షులే. 2021వ సంవత్సరము నవంబరు నెలలో కాకినాడలో మా పెద్దమ్మాయి వివాహము జరిగినప్పుడు వీరిలో ఎవరికిని కొరత లేదు. అయినను ఆ వివాహము నిజముగా జరిగినదనియు, దంపతులు మనఃపూర్వకముగా చేసికొన్నదే యనియు పరదేశపు ప్రభుత్వమునకు నమ్మకము కలిగించుటకు మాకు రెండు సంవత్సరముల రెండు మాసములు పట్టినది. ఆ కాలమున మేము సమకూర్చిన కాగితములను పేర్చినచో జానెడెత్తు వచ్చును. ఆ కాగితముల కథను, వాటివలన మేము నేర్చిన పాఠమును చదువరులకు నివేదింపదలచితిమి. ఆడపిల్లలను దూరదేశములకు పంపు తలిదండ్రులకు ఇది కొంత యుపయోగపడవచ్చును.

మా యల్లుడు అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. ఆ దేశపు పౌరసత్వము పొందినవాడు. పౌరుని భార్యకు వీసా దొరకుట ఎంతసేపని సంబంధము తెచ్చిన పెద్దమనిషి చెప్పెను, మేమును నమ్మితిమి. పెండ్లియైన మూడు వారములకు అల్లుడు ప్రయాణమై పోయెను. ఆరు మాసములలో అమ్మాయియు వెళ్లునుగదా యని తలచి, ఆమె జూనియరు కళాశాలలో చేయుచున్న అధ్యాపక పదవికి రాజీనామా చేయించితిమి. కాగితముపై సంతకము ఆమెది, ఆలోచన మాది. ఈ కథలోని తప్పులలో ఇది మొదటిది.

మా పొరుగువీథిలోని మిత్రుని కుమార్తెకును ఆ మాసమందే వివాహమైనది. ఆమె భర్త హెచ్-1బి వీసాపై తాత్కాలికముగా పనిచేయువాడు. ఆమెకు హెచ్-4 అను ఆశ్రితవీసా ఏడాది తిరుగకుండ వచ్చెను. తాత్కాలికునిభార్య ముందుగా పోవుటయు, పౌరునిభార్య వెనుక నిలుచుటయు మాకు వింతగా తోచెను. పిమ్మట విచారింపగా సంగతి తెలిసినది. హెచ్-4పై పోయిన స్త్రీ, వేరుగా అనుమతి పొందిననే తప్ప, అచ్చట జీతమునకు పనిచేయరాదు. భర్త శాశ్వతనివాసమునకై చేసికొన్న అర్జీ ఒక దశ దాటినపుడు భార్యకు ఆ యనుమతి నిచ్చు నిబంధన 2015 మే నెలలో గాని రాలేదు. ఎం.టెక్. చదివిన ఆ పిల్ల అచ్చటికి చేరినది గాని, చదివిన చదువుతో ఊరక కూర్చుండవలసివచ్చినది. పౌరునిభార్య దారి వేరు. ఆమె పోవునది శాశ్వతనివాసిగా. అడుగుపెట్టిననాటినుండి పని చేసికొనవచ్చును. అందుచేతనే పరీక్షయు పెద్దది.

ఆ పరీక్షకు మూడు అంచెలు గలవు. మొదట భర్త, ఈమె నా భార్యయని ఐ-130 అను అర్జీని తన దేశపు వలసశాఖకు పెట్టవలెను. అది అంగీకరింపబడిన పిదప కాగితములన్నియు న్యూహాంప్‌షైరు రాష్ట్రమున పోర్ట్స్‌మత్తు పట్టణమందున్న జాతీయ వీసా కేంద్రమునకు చేరును. భార్య డీఎస్-260 అను దరఖాస్తును, జనన వివాహ పత్రములను, పోలీసువారి ధ్రువపత్రమును, భర్త తన యాదాయపు లెక్కలను అచ్చటికి పంపవలెను. అవి సరిపోయిన మీదట వైద్యపరీక్ష, వ్రేలిముద్రలు, కాన్సలేటులో ముఖాముఖి. హైదరాబాదులో 2008 నుండి అమెరికా కాన్సలేటు ఉన్నను, మా యమ్మాయి ముఖాముఖి ముంబాయిలో జరిగినది. పౌరుల భార్యలకు ఏటికింతమంది యను పరిమితి లేదు గాని వరుస మాత్రము ఉన్నది. 2022 జనవరిలో పెట్టిన మా యర్జీ, మహమ్మారి కాలమున పేరుకొన్న అర్జీల వెనుక నిలిచి, పదునాలుగు మాసములకు మొదటి అంచె దాటెను. ఈ నడుమ భర్తను ఒకమారు చూచివచ్చుటకైనను వీలు చిక్కలేదు. సందర్శకుల వీసా కోరు ప్రతివానిని అక్కడనే నిలిచిపోవు తలంపు గలవానిగా భావించి, కాదని ఋజువు చేసికొను భారమును అతనిపైననే పెట్టుట ఆ దేశపు చట్టము. ఒకవంక శాశ్వతముగా పోవుటకు అర్జీ పెట్టుకొన్నవారు, మరియొకవంక తిరిగి వచ్చెదమని నమ్మించుట ఎట్లు?

ఇక కాగితముల సంగతి. మాకు మొదటి చిక్కులు అమెరికాలో రాలేదు. మా యింటిలోనే వచ్చినవి. పెండ్లి జరిగిన పదిదినములకుగాని ఆ పెండ్లిని రిజిష్టరు చేయింపవలెనన్న స్మృతి మాకు లేదు. 1955 నాటి హిందూ వివాహచట్టమున నమోదుకు అవకాశము కలదు. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నిర్బంధ నమోదుకై చట్టము వచ్చినది. 2006లో సుప్రీముకోర్టు అన్ని మతములవారి వివాహములను నమోదు చేయవలెనని రాష్ట్రములను ఆదేశించినది. ఇవి మాకు తెలియనివి కావు. సభలలో చెప్పినవారమే. అయినను శుభలేఖను మూడుమారులు దిద్దించితిమి గాని రిజిష్టరు కచ్చేరికి ఒకమారు పోవలెనని తోచలేదు. అల్లుని ప్రయాణము దగ్గరపడిన పిదప పరుగెత్తి నమోదు చేయించితిమి. ఆ తొందరలో అమ్మాయి పేరు చివర అత్తవారి యింటిపేరు వ్రాయించినవారెవరో ఇప్పటికిని తేలలేదు.

దానితో ఆమెకు మూడు పేర్లు ఏర్పడినవి. బడి పత్రములలో ఇంటిపేరునకు ఒక్క పొడియక్షరము. పాస్‌పోర్టులో ఆ యక్షరము పూర్తి పేరై విచ్చుకొన్నది. వివాహపత్రములో ఆ పేరే పోయి వేరొకటి వచ్చినది. ముగ్గురును ఒక్కతెయేయని నోటరీయెదుట ప్రమాణపత్రము వ్రాయవలసివచ్చెను. తెలుగువారి యింటిపేరు ముందుండుటయు, పాశ్చాత్యుల పట్టికలలో అది వెనుకకు పోవుటయు ఎల్లరెరిగిన చిక్కే. కాని పెండ్లియైన మరునాడే ఆడుదాని పేరు మార్చు తొందర పాశ్చాత్యులు మనకు పెట్టినది కాదు. ఆ పిల్ల ఇరువదియారేండ్లు ఏ పేరుతో చదివి, పరీక్షలు నెగ్గి, ఉద్యోగము చేసినదో ఆ పేరును, ఆమెను అడుగకయే, ఒక గుమాస్తా బల్లయొద్ద మార్చివేసితిమి.

జననపత్రము మరియొక చిక్కు. మా యమ్మాయి 1995లో మా యత్తవారి గ్రామమున పుట్టినది. జననములను నమోదు చేయవలెనను చట్టము 1969 నుండియు ఉన్నది. మేము పురుడు పోసిన మంత్రసానికి చీర పెట్టితిమి. పంచాంగకర్తను పిలిపించి ఘడియ విఘడియలతో జాతకము వ్రాయించితిమి. ప్రభుత్వపు పుస్తకమున ఒక్క పంక్తి వ్రాయింపలేదు. ఇప్పుడు ఆ గ్రామమునకు పోయి, ఆ జననము నమోదు కాలేదను పత్రమును సంపాదించి, ఆమె పుట్టుట మేమెరుగుదుమని ఆమె తల్లిచేతను, పెద్దమేనమామచేతను ప్రమాణపత్రములు వ్రాయించితిమి. మా సహధర్మచారిణి ఆ పత్రముపై సంతకము చేయుచు, "కన్నదానిని నేనే, కన్నానని ఒట్టు పెట్టుకొనవలసినదానను నేనే" యని నవ్వెను. ఆ నవ్వు మాకు గ్రుచ్చుకొన్నది.

ఇంతకంటె బరువైన పాఠము రెండవ అంచెలో దొరకినది. భార్యను రప్పించుకొను పౌరుడు ఐ-864 అను పోషణపత్రముపై సంతకము చేయవలెను. తన కుటుంబపు లెక్కకు ఆ దేశపు దారిద్ర్యరేఖగా నిర్ణయించిన మొత్తమునకు నూటికి 125 వంతుల యాదాయము తనకు కలదని పన్నుల లెక్కలతో చూపవలెను. ఆ సంతకము ఉత్తరీయపు ముడివంటిది కాదు. భార్య పౌరసత్వము పొందువరకో, సుమారు పదియేండ్ల పని లెక్కకు వచ్చువరకో, ఆమె ఆ దేశము విడిచి శాశ్వతముగా పోవువరకో అతడు బాధ్యుడు. విడాకులైనను ఆ బాధ్యత తీరదు.

అల్లుడు మూడేండ్ల పన్ను పత్రములను పంపెను. అవి చదివిననాడు మేము భోజనమునకు లేవలేదు. చట్టము కోరిన మొత్తమునకు అతని యాదాయము చాలినంతకంటె చాలనెక్కువయే. కాని పెండ్లిమాటలనాడు మధ్యవర్తి చెప్పిన జీతములో అది మూడింట రెండు వంతులు మాత్రమే. అంతేకాదు, 2020లో అతనికి ఎనిమిది మాసములు ఉద్యోగమే లేదు. ఇక్కడ ఒక మాట దాచక చెప్పవలెను. 1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చినది. దానిని సమర్థించుచు మేము వేదికలపై మాట్లాడియున్నాము. మా యమ్మాయి పెండ్లిలో మేము కట్నమను మాట నోట పలుకలేదు; పసుపుకుంకుమల పేరిట ఎకరమున్నర పొలము వ్రాసియిచ్చితిమి. ఆ ఎకరమున్నర ఎట్లు లెక్కకు వచ్చినదో మాకు తెలియును. మధ్యవర్తి చెప్పిన జీతమును బట్టి వచ్చినది.

కోపముతో అమ్మాయిని పిలిచి ఆ కాగితములు చూపితిమి. ఆమె తొణకక, "ఈ సంగతి ఆయన నాకు పెండ్లియైన రెండవ వారముననే చెప్పినారు, నాన్నగారూ. ఉద్యోగము లేనినాళ్లలో ఎట్లు గడిపినదియు చెప్పినారు. మీరు వారిని అడుగలేదు, మధ్యవర్తిని అడిగినారు" అనెను. మా కోపము ఎవరిపైన నిలువవలెనో తెలియక మాపైననే నిలిచినది.

మూడవ చిక్కు, వివాహము వీసాకొరకు కల్పించినది కాదని చూపుట. దంపతుల పరిచయమును తెలుపు ఛాయాచిత్రములు, సంభాషణల వివరములు, రాకపోకల టిక్కెట్లు కావలెననిరి. పెండ్లి చిత్రములు పన్నెండువందలకు పైగా ఉన్నవి. వానిలో వధూవరులు ఇరువురే యుండి ఒకరినొకరు చూచుకొన్నవి వెదకగా తొమ్మిది దొరకినవి. తక్కినవన్నియు మావియు, మా బంధువులవియు. పెండ్లిచూపులనాడు వారిరువురు ఎంతసేపు మాట్లాడిరని పట్టికలో వ్రాయవలసివచ్చినప్పుడు మా యమ్మాయి కలము పట్టుకొని మావంక చూచెను. అరగంట. ఆ యరగంటలోను గది తలుపు తెరచియే యున్నది.

ఇట్లు అనుమానించుట అవమానము కాదా యని మా బంధువులు కొందరు మండిపడిరి. వారి మాటలో న్యాయము లేకపోలేదు. పరాయిదేశముల అధికారులు మన స్త్రీల మాంగల్యమును అవమానించిన చరిత్ర కలదు. 1913 మార్చిలో దక్షిణాఫ్రికాలో కేప్ సుప్రీముకోర్టు న్యాయమూర్తి సర్ల్, బహుభార్యాత్వమునకు ఎడమిచ్చు మతవిధుల ప్రకారము జరిగిన వివాహము చట్టమునెదుట చెల్లదని తీర్పు చెప్పెను. అక్కడి భారతీయ గృహిణులు ఒక్క తీర్పుతో భార్యలు కాకపోయిరి. ఆ యవమానమును సహింపక కస్తూరిబా గాంధి ఆ సంవత్సరము సెప్టెంబరులో సత్యాగ్రహులతో ట్రాన్స్‌వాలు సరిహద్దు దాటి మూడు మాసముల కఠినశిక్ష ననుభవించెను. 1914లో చట్టము వచ్చిన పిదపగాని ఆ వివాహములకు గుర్తింపు రాలేదు. 1979లో, తన్ను వివాహమాడనున్నవానియొద్దకు వచ్చి లండనునందలి హీత్రో విమానాశ్రయమున దిగిన భారతీయ స్త్రీకి, ఆమె నిజముగా అవివాహితయేనా యని తెలిసికొనుటకు దేహపరీక్ష జరిపిన సంగతి పత్రికలకెక్కెను. గగ్గోలు పుట్టిన మీదట ఆ పరీక్షలను ఆపివేసిరి. ఇట్టివానిని మరువరాదు.

కాని అవమానకరమైన పరీక్ష వేరు, ప్రశ్న వేరు. వివాహము పేరిట మోసములు జరుగుచున్నవని అమెరికాలో 1986లో ప్రత్యేక చట్టము చేసిరి. దాని ప్రకారము, భార్య ఆ దేశమున అడుగుపెట్టునాటికి పెండ్లియై రెండేండ్లు నిండనియెడల ఆమెకిచ్చు నివాసము షరతులతో కూడినది. రెండేండ్ల చివర దంపతులిద్దరును కలిసి మరల అర్జీ పెట్టవలెను. ఈ షరతు దుర్మార్గుడైన భర్త చేతిలో కొరడా కాగలదని స్త్రీల పక్షమున వాదించిరి. పౌరుడు గాని శాశ్వతనివాసి గాని యైన భర్త హింసించినచో, అతని సహాయము లేకయే భార్య స్వయముగా అర్జీ పెట్టుకొను హక్కు 1994 నాటి చట్టమువలన కలిగినది. ఈ సంగతి దూరదేశమునకు పోవు ప్రతి పెండ్లికూతురును తెలిసికొని పోవలెను. మా కుమార్తె విషయమున ఆలస్యమే మేలు చేసెను. రెండేండ్లు నిండుటచేత ఆమెకు షరతులు లేని నివాసము దొరకినది.

ఆ రెండేండ్లు ఆమె ఎట్లు గడిపినదో చెప్పనిచో ఈ కథ సగమే. ఆరు మాసములు అత్తవారింట ఉన్నది. కొడుకు లేని యింట కోడలికి పనియేగాని స్థానము లేదు. పిమ్మట మాయింటికి వచ్చెను. పెండ్లియైన కూతురు పుట్టింట నిలిచిన మాట ఊరికి పనికివచ్చెను. ఏ పేరంటమునకు పోయినను "వీసా ఇంకను రాలేదా, అమ్మా?" యని అడుగువారే. ఆ ప్రశ్నలో జాలి కొంత, అనుమానము కొంత. ఆమె పేరంటములకు పోవుట మానుకొనెను. పాత కళాశాలలో ఆమె స్థానమున వేరొకరు వచ్చియుండిరి. ఏడాది గడిచిన మీదట ఆమెయే వెదకుకొని, తక్కువ జీతమునకు మరియొక కళాశాలలో చేరెను. వద్దని మేమే యంటిమి. రేపో మాపో వీసా వచ్చుననియు, పరువు తక్కువయనియు అంటిమి. ఆమె వినలేదు. వినకపోవుటచేతనే ఆమె ఆ రెండవ యేడు నిలువగలిగెను. ప్రతిరాత్రియు పాఠములు దిద్దుకొనిన పిదప భర్తతో టెలిఫోనున మాటలాడుచుండెను. 2022 డిసెంబరులో అతడు వచ్చి రెండు వారములుండి పోయెను.

2024 జనవరిలో ముంబాయి ప్రయాణము. బాంద్రా-కుర్లా ప్రాంతమందున్న కాన్సలేటు ద్వారమువరకు మేము పోయితిమి. లోపలికి ఆమె యొక్కతెయే పోవలెను. మేము ఎదుటి బాటప్రక్కను నిలుచుండి, ఆమె ఏమి మరచునో, ఏమి తడబడునో యని రెండు గంటలసేపు గుండె చిక్కబట్టుకొంటిమి. ఆమె బయటికి వచ్చి, "అయిపోయినది, పాస్‌పోర్టు తీసికొన్నారు" అని మాత్రము చెప్పెను. తిరుగు రైలులో మేము గ్రుచ్చి యడుగగా తక్కినది చెప్పినది. గాజుతలుపు వెనుకనున్న అధికారి ఆమెచేత నిజము చెప్పెదనని ప్రమాణము చేయించెనట. భర్త ఏమి పని చేయును, ఎట్లు పరిచయమైనది, మరల ఎప్పుడు కలిసికొన్నారు అని అడిగెనట. చివరకు, "ఈ పెండ్లి మీ యిష్టముతోనే జరిగినదా?" యని అడిగెనట.

"ఏమంటివమ్మా?" యని ఆమె తల్లి అడిగెను.

"ఔనంటిని. ఇప్పుడు అది నిజమే. ఈ రెండేండ్లలో ఆయన ఎట్టివారో నాకు తెలిసినది. పెండ్లినాడు అడిగియుంటే ఏమనియుందునో చెప్పలేను" అని కొంత యాగి, "నన్ను ఒంటరిగా నిలిపి ఈ మాట అడిగినవారు ఇంతవరకు ఎవరును లేరు, నాన్నగారూ" అనెను.

ఆ మాటలో నిష్ఠురము లేదు. ఉన్నచో మాకు కొంత తేలికగా నుండెడిది. ఏ సముద్రములో ఆవలి దేశపు అధికారియో, మా బిడ్డ పేరు సరిగా పలుకనైన నేర్వనివాడు, తన యుద్యోగధర్మముగా అడిగిన ప్రశ్నను, ఆమెను కని పెంచి చదివించిన మేము ప్రేమతో అడుగలేదు. అడిగితిమనియే ఇన్నాళ్లు అనుకొంటిమి. "నీకు ఇష్టమేగదా, అమ్మా?" యని పదిమంది యెదుట అడిగితిమి. పదిమంది యెదుట ఔననక ఆడపిల్ల ఏమనగలదు?

ఇప్పుడామె టెక్సాసులో ఉన్నది, ఒక పాఠశాలలో పనిచేయుచున్నది, దంపతులు కుశలము. మేము పంపించివచ్చిన మరువారమున, 1992లో జరిగిన మా సొంత వివాహమును రిజిష్టరు చేయించితిమి. మా సహధర్మచారిణి పుట్టినింటి పేరును ఆమెను అడిగియే వ్రాయించితిమి.

తలిదండ్రులకు మేము చెప్పునది కొద్ది. బిడ్డ పుట్టినవారముననే జననమును, పెండ్లియైన వారముననే వివాహమును నమోదు చేయింపుడు. పెండ్లికూతురి పేరును ఆమె కోరక మార్పకుడు. వీసా చేతికి రాకమునుపు ఉద్యోగము మాన్పింపకుడు. ఆమె పాస్‌పోర్టును, చదువు పత్రములను, తనపేరిట ఉన్న ధనమును ఆమె చేతిలోనే ఉంచుడు. వరుని ఆదాయము, పూర్వవివాహము, అప్పులు, ఆరోగ్యము పెండ్లికి ముందుగా వరునినే అడుగుడు. పరదేశపు ప్రభుత్వము తరువాత వాటినన్నిటిని ఎట్లును అడుగును.

మొన్న మాఘమాసమున మా తమ్ముని కుమార్తెకు కెనడానుండి సంబంధము వచ్చినది. పెద్దలు కూర్చుండి జాతకములు విప్పబోవుచుండగా మేము లేచి ఆ పిల్లను పెరటిలోనికి పిలిచితిమి. పనసచెట్టు క్రింద ఇరువురమే నిలుచుండి, ఆమెకు ఇష్టమా కాదా యని అడిగితిమి. ఆమె చాలసేపు నేలవంక చూచి, "ఆయనతో నాలుగుసారులు మాట్లాడి చెప్పెదను, పెదనాన్నగారూ" అనెను. లోపలికి వచ్చి, జాతకములు కట్టివేయుడని మా తమ్మునితో చెప్పితిమి. అతనికి కోపము వచ్చినది. వచ్చిన రానిమ్ము.